ఓరుకావా కేసు నేనే ఎందుకు వినాలంటే

1989 మే 22, సోమవారం

ఓరుకావా కొండల ఫైలు ఈ ఉదయం నా బల్ల మీదికి వచ్చింది. అర్జీదారు మేరెయాన తాహుపారే. మా అక్క. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, మొగుడు పోయి ఇన్నేళ్ళయినా, కోర్టు కాగితాల మీద మాత్రం నాన్న ఇంటిపేరే రాస్తుంది. ఎదుటి పక్షం హామియోరా తాహుపారే. మా పెదనాన్న.

అక్క అడుగుతున్నవి రెండు. ముప్పై ఏళ్ళుగా మా భూమి ట్రస్టుకి పెద్దగా ఉన్న ఆయన్ని తప్పించాలి. కొండల్ని పైన్ చెట్ల కంపెనీకి అరవై ఏళ్ళ కౌలుకి ఇవ్వబోతున్నాడు, దాన్ని ఆపాలి.

ఫ్రేటర్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. పక్క గది జడ్జి, మంచివాడు.

"ఇది నాకిచ్చెయ్, ఎరూ. నువ్వు ముట్టుకోకు."

"చూద్దాం" అన్నాను.

ఇచ్చెయ్యాల్సిందే. కాకపోతే అతను దక్షిణాన పుట్టి పెరిగిన పాకెహా, తెల్లవాళ్ళ మనిషి. ఓరుకావాలో ఏ వాగు ఎవరిదో, ఏ గుట్ట మీద ఎవరు నిద్రపోతున్నారో అతనికి ఏం తెలుసు? పైగా ఇద్దరూ నావాళ్ళే. ఒక్కరే నావాళ్ళయితే మొగ్గు చూపుతానని భయం. ఇద్దరూ అయినప్పుడు త్రాసు సమంగానే ఉంటుంది.

మే 23

ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. ఫ్రేటర్ ఈ రోజు సెలవు.

మే 24

వచ్చాడు. పనిలో ఉన్నట్టు కనిపించాడు. కదిలించలేదు.

మే 27, శనివారం

ఓరుకావా వెళ్ళి వచ్చాను. కేసు కోసం కాదు. పెదనాన్నకి దగ్గు తగ్గడం లేదని విన్నాను, అంతే.

నిరుటి తుఫానుకి కొట్టుకుపోయిన రోడ్డు ఇంకా గులకరాళ్ళే. పెదనాన్న షెడ్డులో మలుగు చేపలకి పొగ పెడుతున్నాడు. ఆయన కళ్ళజోడు మసిబారి ఉంది, తుడుచుకోలేదు. నా చేతిలో ఒక చేప పెట్టాడు. నిలబడే తిన్నాను, వేళ్ళు నాకాను. ఇంకోటి పెట్టాడు.

"జడ్జీలకి పట్నంలో తిండి పెట్టరేంట్రా?"

"పెడతారు. రుచి పెట్టరు."

నవ్వితే దగ్గు వచ్చింది. తగ్గాక, రా అని కొండెక్కించాడు. ఆయన ముందు, నేను వెనక. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి నాకంటే తేలిగ్గా ఎక్కుతున్నాడు. పైనుంచి చూస్తే కొండల్ని గోళ్ళతో గీరినట్టుంది. పచ్చగడ్డి ఒలిచేసినట్టు ఊడిపోయి, లోపలి పసుపు మట్టి వాగుదాకా జారి ఉంది.

"చూశావా? కొండ నడుచుకుంటూ సముద్రంలోకి పోతోంది. మీ అక్క దానికి పాట పాడి ఆపుతుందా? పైన్ వేళ్ళు ఆపుతాయి. మన తాతలకి నచ్చే చెట్టు కాదు, నాకూ నచ్చదు. కానీ వేళ్ళున్నాయి దానికి."

కేసు గురించి మాట్లాడకూడదని చెప్పాను.

"కేసు గురించి ఎవడు మాట్లాడాడు? చెట్ల గురించి మాట్లాడుతున్నా."

సమాధుల గుట్ట గేటు దాటాక, వెనక్కి తిరక్కుండానే, "నా తర్వాత వచ్చేవాడు..." అన్నాడు. అంతలో దగ్గు పట్టుకుంది. కంచె పట్టుకుని వంగిపోయాడు. తేరుకున్నాక గడ్డంతో కొండవైపు చూపించి, దిగుదాం అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. నేనూ అడగలేదు.

మే 28

అక్క ఫోన్.

"ఏరా, ఎవరింట్లో తిన్నావు నిన్న?"

"అక్కా..."

"మా గేటు ముందునుంచే పోయావు. కారు కూడా చూశా. బ్రేకు వెయ్యడానికి కాలు రాలేదా?"

"కేసు ఉంది కదా. కక్షిదారుల ఇళ్ళకి పోకూడదు."

"ఆయనెవరు మరి, వాతావరణ శాఖా?"

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"దిగరా ఆ కుర్చీ. ఆ ఫ్రేటర్‌కిచ్చెయ్. ఆ కుర్చీలో కూర్చుని ఇక్కడ పెదనాన్న కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నావు. ఊళ్ళో అందరికీ కనిపిస్తోంది, నీకు తప్ప."

పెట్టేసింది.

నాకు ఊరి పెద్దరికం మీద ఆసక్తి లేదు. ఎప్పుడూ లేదు.

జూన్ 1

ఉదయం గడ్డం గీసుకుంటూ వంశావళి చెప్పుకుంటున్నాను. పడవలో వచ్చిన మొదటి తాత నుంచి పెదనాన్నదాకా. పన్నెండో పేరు దగ్గర తడబడ్డాను. మళ్ళీ మొదటినుంచి.

నా భార్య జోన్ టీ కప్పు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"తాతలతో. మర్చిపోతున్నాను, అందుకని."

"ఇన్నేళ్ళ నుంచీ మర్చిపోయే ఉన్నావు. ఈ వారమే ఎందుకు?"

సబ్బు కడుక్కుంటున్నట్టు నటించాను. ఆమె కదల్లేదు. బడిపిల్లలతో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. జవాబు వచ్చేదాకా నిలబడటం అలవాటు.

"నీకు కావాలంటే కావాలని చెప్పు, ఎరూ. ఓరుకావా వచ్చి ఉండమన్నా వస్తాను. కోళ్ళు పెంచుతాను. కావాలని ఒప్పుకోకుండా వెళ్ళే మనిషితో మాత్రం రాను."

కోళ్ళ గురించి కాసేపు మాట్లాడాం.

జూన్ 3

పెదనాన్న ఆ రోజు అన్నది "నా తర్వాత వచ్చేవాడు" అనే. వచ్చే వాళ్ళు అనలేదు. వాడు అన్నాడు. ఒక్కడు.

జూన్ 6

ఫ్రేటర్‌తో మధ్యాహ్నం భోజనం. మాంసం కూరిన రొట్టె. అతనే ఎత్తాడు.

"పద్నాలుగున ఓరుకావా విచారణకి నువ్వే వెళ్తున్నావట."

"ఈ తీరం పొడుగునా నాకు చుట్టం కానివాడెవడో చెప్పు, కాలిన్. చుట్టరికం చూసి తప్పుకుంటే నేను ఒక్క కేసూ వినలేను. మా వాళ్ళకి మావాడు జడ్జి కావాలని ఇన్నేళ్ళు కొట్లాడింది ఇందుకేనా?"

ఇది మంచి వాదన. ఎక్కడైనా నిలబడుతుంది.

"చుట్టరికం వేరు, ఎరూ. ఆశ వేరు" అన్నాడు.

శనివారం రగ్బీ ఆట ఎలా పోయిందని అడిగాను.

జూన్ 9

పెదనాన్న కొండ మీద చెప్పిన మాట ప్రకారం చూసినా, నా తర్వాత నువ్వు అన్న ఆ మాట, కేసుకి దానికి సంబంధం లేదు. తీర్పు కౌలు గురించి. పెద్దరికం గురించి కాదు. రెండూ వేరు.

జూన్ 14, బుధవారం

విచారణ ఓరుకావాలో, మా వాళ్ళంతా కూడే మరాయెలోనే, మా పూర్వీకుడి పేరు పెట్టిన పెద్దింట్లో. చెక్కిన స్తంభాల మధ్య నాకొక బల్ల వేశారు. నా వెనక గోడ మీద మా నాన్న ఫొటో ఉంది. వీపుకి తగులుతున్నట్టే అనిపించింది.

హాలు కిటకిటలాడుతోంది. వంటింట్లోంచి పంది ఎముకల పులుసు వాసన. పెదనాన్న ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. అక్క లేచింది. నల్ల కోటు, మగవాళ్ళ బూట్లు.

"అయ్యా న్యాయమూర్తిగారూ, నా పేరు మేరెయాన. తమరికి నన్ను పరిచయం చేసుకోవాలి కదా."

హాలంతా నవ్వు.

"చిన్నప్పుడు వరదలో తమరిని వీపున ఎక్కించుకుని వాగు దాటించింది నేనే. ఆ సంగతి రికార్డులోకి ఎక్కించమనండి."

గుమాస్తా నా మొహం చూశాడు. రాయాలా వద్దా అని. అందరికంటే ఎక్కువ నవ్వింది పెదనాన్న.

నవ్వులు ఆగాక అక్క గొంతు మారింది.

"ఈ కొండల్ని ఒకసారి కౌలుకిచ్చాం. మా తాత ఇచ్చాడు, గొర్రెల దొరకి. నలభై రెండేళ్ళు. మా నాన్న ఆ కంచె ఇవతలే పుట్టాడు, ఇవతలే పోయాడు. తన కొండ మీద ఒక్కసారి కాలు పెట్టాలంటే దొర కొడుకుని అడగాల్సి వచ్చింది. అడగలేదు. ఇప్పుడు అరవై ఏళ్ళంటున్నారు. నా మనవరాలికి ఆరేళ్ళు. లెక్క వేసుకోండి. ఆ పిల్ల కర్ర పట్టుకుని ఎక్కాలి. అదీ అప్పటికి కొండ దారి గుర్తుంటే."

ఎవరో ఆడమనిషి వెనకనుంచి, "నిజం!" అంది.

పెదనాన్న లేవకుండానే మాట్లాడాడు.

"పిల్ల చెప్పింది నిజమే. కంచె బాధ నాకూ తెలుసు, వాడు నా తమ్ముడే. కానీ కొండ ఉంటేగా కర్ర పట్టుకుని ఎక్కడానికి? నిరుటి తుఫానుకి ఎంత మట్టి పోయిందో చూశారు. ఇంకో రెండు తుఫాన్లు రానీ. అప్పుడు కంచె ఉండదు, కొండా ఉండదు. ఇక మన కుర్రాళ్ళు. ఎక్కడున్నారు? మాంసం ఫ్యాక్టరీలు మూతపడ్డాక సముద్రం దాటి పోయారు. చెట్లు నాటడానికి వస్తారేమో. చెప్పలేను. వస్తారేమో."

ఇద్దరిదీ నిజమే.

నేను అడగాల్సింది అప్పుడు అడిగాను. "నేను ఈ కేసు వినడం మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

అక్క నా వైపు తిరిగింది. "లేదు. నేను పెట్టను. ఆ అభ్యంతరం నీకుండాలిరా."

న్యాయమూర్తిగారూ అనలేదు.

భోజన విరామం అన్నాను. పెదనాన్న లేచి నిలబడ్డాడు, కర్ర జారింది, దానితోపాటు ఆయనా. పడకముందే పట్టుకున్నది అక్క. నేను బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆయన తల ఆవిడ ఒళ్ళో ఉంది.

విచారణ వాయిదా.

జూన్ 15

తూరోవా ఫోన్ చేశాడు. చిన్నాన్న కొడుకు, గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాకి నాయకుడు. పెదనాన్నకి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఏదైనా జరిగితే ట్రస్టు ఎవరు చూడాలని ఊళ్ళో మాట మొదలైందట.

"పెదనాన్న నన్నే అన్నాడు" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"ఎప్పుడు?"

"కొండ మీద."

"సాక్షులెవరు, జడ్జిగారూ?" అన్నాడు తూరోవా. వెటకారమో కాదో తెలియలేదు.

జూన్ 18, ఆదివారం

ఆసుపత్రి. ముక్కుకి గొట్టం. నారింజ ముక్కలు నోటికి అందించాను, రసం పీల్చి పిప్పి నా చేతిలోనే ఊశాడు. మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

అడగకూడదనుకున్నాను. అడిగాను.

"పెదనాన్నా, ఆ రోజు కొండ మీద ఒక మాట అనబోయి ఆగారు. నా తర్వాత వచ్చేవాడు అని."

కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "అన్నానా? ఎక్కడ?"

"సమాధుల గుట్ట గేటు దాటాక."

"ఓ, ఆ గేటా!" కళ్ళు తెరిచాడు. "నా తర్వాత వచ్చేవాడు గేటు వెయ్యాలి. ఎవడూ వెయ్యడు. ఆవులు పోయి సమాధుల మీద పడుకుంటున్నాయి. నా వెనక నువ్వే కదా వచ్చావు. వేశావా?"

గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

ఆయన నా మొహంలో ఏం చూశాడో. చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముకలు, చర్మం.

"నేనిస్తాననుకున్నావా, ఎరూ?"

నేను కిటికీ వైపు చూశాను.

"అది ఇచ్చేది కాదురా. నాకెవరిచ్చారు? మా నాన్న పోయిన రోజు వంటకి కట్టెలు లేవు. అందరూ ఏడుస్తున్నారు, కట్టెలు లేవు. నేను పోయి తెచ్చా. మర్నాడు ఏం కావలసొచ్చినా నన్నే అడిగారు. ఆ మర్నాడూ అంతే. ముప్పై ఏళ్ళు అట్లా అడుగుతూనే ఉన్నారు. విసుగొచ్చింది నాకు."

నా మణికట్టు వదిలి, "మీ అక్క రాలేదా ఇవాళ?" అన్నాడు. రోజూ వస్తోందట. నాకు తెలియదు.

జూన్ 19

గేటు వేసే ఉంటాను. అలవాటు ప్రకారం వేసే ఉంటాను.

జూన్ 21

పెదనాన్న ఈ ఉదయం పోయాడు.

జూన్ 24, శనివారం

ఇవాళ మట్టి చేశాం. మూడు రోజులూ ఓరుకావాలోనే ఉన్నాను. ఇదంతా ఇప్పుడు రాయాలని లేదు. రాయకపోతే మాత్రం నిమిషం కూర్చోలేకపోతున్నాను.

పెద్దింటి వసారాలో ఆయన్ని తెరిచిన పెట్టెలో ఉంచారు. చుట్టూ పోయినవాళ్ళ ఫొటోలు. వాన. నాలుగు దిక్కుల నుంచీ జనం, ఒక గుంపు వెనక ఒక గుంపు. తలల మీద ఆకుల దండలతో మా ఆడవాళ్ళు లోపలికి రమ్మనే పిలుపు అందుకుంటే వాకిట్లోకి వచ్చినవాళ్ళు అక్కడే నిలబడి ఏడ్చారు.

పెట్టె పక్కన చాప మీద అక్క. మూడు రోజులూ కదల్లేదు. ఆయన్ని కోర్టుకి లాగిన మనిషి. ఎవరూ ఆ మాట అనలేదు, అననక్కర్లేకుండా ఆవిడే ఆయన్ని తిట్టింది. చనిపోయినవాళ్ళని మొహం మీద తిట్టడం మాకు కొత్తేమీ కాదు. కానీ అంత గట్టిగా తిట్టడం నేను వినలేదు.

"లే! లేచి కోర్టుకి రా! సగంలో పారిపోతావా? నాకు జవాబు చెప్పకుండా పోతావా, పిరికి ముసలాడా! నీతో కొట్లాడటానికే కదా నేను బతికింది. ఇప్పుడెవరితో కొట్లాడమంటావు?" అని ఆయన చెంపలు నిమిరింది.

రెండో రోజు మా వంతు. మావైపు మాట్లాడే మగవాళ్ళ బెంచీ మీద నాకూ చోటిచ్చారు. లేచాను. మొదట బాగానే వచ్చింది. వంశావళిలో పన్నెండో పేరు దగ్గర కూడా తడబడలేదు. పెదనాన్నతో మాట్లాడాను, మలుగు చేపల గురించి చెప్పాను, జనం నవ్వారు, ఏడ్చారు. అక్కడితో ఆపి కూర్చోవాల్సింది.

కూర్చోలేదు. ముందుకి వెళ్ళాను. మీరు వదిలిన కర్ర నేల మీద పడి ఉండకూడదు అన్నాను. ఈ కాలానికి చట్టం తెలిసిన చెయ్యి కావాలన్నాను. ట్రస్టుల చట్టం గురించి ఒక మాట. ఆ తర్వాత ఇంకో మాట. చెయ్యి ఎత్తి కొండల వైపు చూపించాను. నా గొంతు నాకే బాగా వినిపిస్తోంది.

అప్పుడు పాట మొదలైంది.

మాట దారి తప్పితే ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటారు. పాట లేచిందంటే ఎంతటివాడైనా సరే మాట ముగిసినట్టే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఎవరెవరికో జరగడం చూసి నవ్వుకున్నాను కూడా.

ఎత్తుకున్నది అక్క. పెట్టె పక్కనుంచి లేచి, నన్ను చూడకుండా, పెదనాన్న మొహాన్నే చూస్తూ. ఆవిడ వెనక ముసలమ్మలందరూ. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించాను. వానలో నిలబడి ఆ పాట మొత్తం విన్నాను. చాలా పెద్ద పాట.

బెంచీ మీద తూరోవా కాస్త జరిగి చోటిచ్చాడు. తర్వాత వంటింట్లో నాకిచ్చిన టీలో చక్కెర ఎక్కువ వేశారు, దెబ్బ తగిలినవాడికి వేసినట్టు.

జూన్ 25

నలుగురిలో నోరు మూయించింది, అదీ తమ్ముణ్ణి. ఆవిడకి ఆ హక్కు లేదు.

జూన్ 26

ఉంది.

నేనేమన్నానో గుర్తు చేసుకుంటున్నాను. మొత్తం పెదనాన్న గురించే మాట్లాడాను.

మొత్తం కాదు.

జూన్ 27

ఓరుకావా ఫైలు బదిలీకి కారణం రాయాలి. అనారోగ్యం అని రాశాను. చింపేశాను. బంధుత్వం అని రాశాను. అది మే నెలలో కూడా ఉంది.

ఫైలు పట్టుకుని ఫ్రేటర్ గదికి వెళ్ళాను.

"నాకది కావాలి, కాలిన్."

"ఏది?"

"పెదనాన్న స్థానం."

అతను కలం మూత పెట్టాడు. "తెలుసు. ఈ భవనంలో అందరికీ తెలుసు. టీ ఇచ్చే ఆవిడకి కూడా తెలుసు."

ఫైలు తీసుకున్నాడు. ఇంకేమీ అనలేదు. అందుకే అతను మంచివాడన్నాను.

ఇంటికెళ్ళి జోన్‌కి కూడా అదే వాక్యం చెప్పాను. ఆమె బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. "మరి కోళ్ళు కొనాలా?" అంది. తెలియదన్నాను. ఈసారి తెలియదన్నది అబద్ధం కాదు.

జూలై 13

ఫ్రేటర్ ఉత్తర్వు. ట్రస్టు పెద్దని, కౌలు సంగతిని భూమి హక్కుదారులే సభ పెట్టి తేల్చుకోవాలి. ఇంత సులువా అనిపించింది. నేను రాద్దామనుకున్న తీర్పు ఇలా లేదు. చాలా పొడుగ్గా ఉంది అది.

జూలై 20

నిద్ర సరిగా లేదు. జోన్ వేరే గదిలో పడుకుంటోంది, నేను దొర్లుతున్నానని.

ఆగస్టు 5, శనివారం

సభ. నేనూ హక్కుదారునే కాబట్టి వెళ్ళాను. తలుపు దగ్గర, పిల్లల్ని ఎత్తుకున్న తల్లుల మధ్య నిలబడ్డాను. సముద్రం అవతలనుంచి కూడా కొందరు కుర్రాళ్ళు వచ్చారు. ఇక్కడి చలికి చాలని కోట్లు వేసుకుని.

తూరోవా లేచి ట్రస్టు పెద్దగా నా పేరు చెప్పాడు.

ఇన్ని నెలలు నేను ఎదురుచూసింది ఆ గొంతులో ఆ పేరే.

"వద్దు" అన్నాను.

"మనవాడికి మర్యాద తెలుసు, మొదటిసారి వద్దంటాడు" అన్నాడు తూరోవా. జనం నవ్వారు. "రెండోసారి అడుగుతున్నా."

అటు తిరిగితే అక్క కూడా నన్నే చూస్తోంది. వెటకారం లేదు ఆ చూపులో.

"వద్దు తూరోవా. పెద్దంటే కట్టెలు తేవాలి. నేను పట్నం మనిషిని. సెలవులకి వచ్చి మాట్లాడి పోతాను. నాకు కావాలనిపించింది మాట్లాడటమే. కట్టెలు కాదు."

ముసలమ్మల్లో ఒకరు "ఆఁ" అన్నారు, పిల్లవాడు చివరికి లెక్క సరిగ్గా చేస్తే అన్నట్టు.

అక్క పేరు చెప్పారు. చేతులు లేచాయి. లేవనివి వెతకాల్సి వచ్చింది.

తర్వాత కౌలు. ఇది అంత తేలిగ్గా పోలేదు. అరుపులు, ఏడుపులు. పెదనాన్న మాటలే ఎవరెవరి నోట్లోనో వినిపించాయి, అక్క మాటలు ఇంకెవరి నోట్లోనో. తుఫానులో ఇల్లు పోయిన ఒకామె లేచి, "నా బిడ్డ మంచం మీదికి మట్టి వచ్చింది. నాకు వేళ్ళు కావాలి. ఏ చెట్టువైనా సరే" అంది.

కౌలు ఇవ్వాలన్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు.

ఎత్తాను. అక్క నా చేతిని చూసింది. దించలేదు.

ఇవ్వాలనే తేలింది. పెద్ద తేడాతో కాదు, కానీ తేలింది. ఇప్పుడు సంతకం పెట్టాల్సింది కొత్త పెద్ద. మేరెయాన.

ఆవిడ లేచింది. తన వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఇన్ని నెలలు ఆవిడతో వానలో తిరిగినవాళ్ళు.

"సరే. విన్నాను" అంది. "బుధవారం వెళ్ళి పెడతాను. సమాధుల గుట్ట మాత్రం ఆ కాగితంలో ఉండదు. అది లేకుండా కంపెనీ ఒప్పుకుంటే సంతకం. ఒప్పుకోకపోతే మళ్ళీ ఇక్కడికే వచ్చి మిమ్మల్నే అడుగుతాను."

ఆవిడ పక్షం పిల్ల ఒకతి లేచి అరిచింది. "అమ్ముడుపోయావత్తా!"

"అమ్ముడుపోయుంటే కొత్త బూట్లయినా కొనుక్కునేదాన్నే పిల్లా. కూర్చో. నీ బాధ నాకు తెలుసు. నాదీ అదే."

ఆ పిల్ల కూర్చోలేదు, ఏడుస్తూ బయటికి పోయింది. ఇంకా కొందరు పోయారు. అక్క వాళ్ళని ఆపలేదు. తలుపు మూసుకునేదాకా నిలబడి చూసింది. తర్వాత, "టీ పెట్టండి, ముసలివాళ్ళు పొద్దుట్నుంచీ ఏం తినలేదు" అంది.

ఆగస్టు 9, బుధవారం

అక్కని కంపెనీ ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ బండికి బ్యాటరీ లేదు. అడగలేదు, ఫోన్ చేసి "ఎన్నింటికి వస్తావు?" అంది, అంతే.

సగం దూరం వచ్చాం. తర్వాత, ముందుకే చూస్తూ,

"చెయ్యెందుకెత్తావురా?"

"పెదనాన్న చెప్పింది నిజమనిపించింది."

"ఎప్పట్నుంచీ?"

"కొండెక్కిన రోజు నుంచీ."

"మరి ఆ రోజే చెప్పుండొచ్చుగా."

"జడ్జిని కదా అక్కా."

"జడ్జిగా ఎవరు చెప్పమన్నారు? మా వంటింట్లో కూర్చుని, తమ్ముడిగా. నువ్వు తప్పు అక్కా అని. నీ నెత్తిన గిన్నె విసిరేదాన్ని, తర్వాత అన్నం పెట్టేదాన్ని. నాతో కొట్లాడటం కూడా తప్పించుకున్నావు నువ్వు."

వంతెన వచ్చింది. నెమ్మదిగా పోనిచ్చాను.

"ఇప్పుడు కూడా నువ్వు తప్పే అక్కా" అన్నాను వంతెన దాటాక.

"నువ్వూ" అంది. మొహం కాస్త తేలికపడింది.

ఆఫీసు ముందు దింపాను. నేను లోపలికి వెళ్ళకూడదు. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. సూట్లు వేసుకున్న ఇద్దరు కుర్ర పాకెహాలు, ఆవిడకి కుర్చీ జరిపారు. ఆవిడ కాగితం మొత్తం చదివింది. మొదటినుంచి చివరిదాకా, వేలు పెట్టి. వాళ్ళలో ఒకడు గడియారం చూసుకున్నాడు. ఒకచోట ఆగి తల అడ్డంగా ఊపింది. వాళ్ళు మాట్లాడుకున్నారు. ఒకడు లోపలికెళ్ళి వచ్చాడు. చివరికి ఒక గీత కొట్టి, పక్కన ఏదో రాశారు. అది సమాధుల గుట్ట అయి ఉంటుంది. అప్పుడు కలం తీసుకుంది.

బయటికి వచ్చాక కారు ఎక్కలేదు. నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ నన్ను దాటి నాలుగడుగులు వేసి, రోడ్డు పక్కన, బ్యాంకుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఆగి, ఓరుకావా ఉన్న దిక్కుకి తిరిగింది. మా భాషలో, పెద్దింటి వాకిట్లో నిలబడ్డంత గొంతుతో మొదలుపెట్టింది.

"హామియోరా! విన్నావా! నీ మాటే నెగ్గింది. నా చేత్తోనే నెగ్గించావు. తృప్తిగా ఉందా? నవ్వు, బాగా నవ్వు. నాకు నచ్చలేదు, చచ్చేదాకా నచ్చదు, కానీ పెట్టాను. వాళ్ళడిగారు, పెట్టాను. ఇక ఆ చెట్లకి వేళ్ళు రాకపోతే నీ సంగతి నేను అక్కడికే వచ్చి చూస్తాను..."

దారిన పోయేవాళ్ళు ఆగుతున్నారు. చెప్పుల కొట్టు ఆయన గుమ్మంలోకి వచ్చాడు. కోర్టులో నన్ను చూసిన ఒక ప్లీడరు అవతలి వైపునుంచి తలాడించబోయి, ఆగి, మొహం తిప్పుకున్నాడు. మొదట నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. చెయ్యి పట్టుకుని కారెక్కిద్దామని ఒక అడుగు వేశాను కూడా.

వేసి, వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. టోపీ తీసేశాను. ఆవిడ ఇంకా చాలాసేపు మాట్లాడింది.